ఇసుక

కేటాలో తూకం రోజు.
వరండా దూలానికి గోడ గడియారమంత త్రాసు,
దాని కొక్కేనికి గుడ్డ లాగుల్లో వేలాడుతూ
ఒకరి తర్వాత ఒకరు ఏడ్చే పిల్లలు.
ఇటు సముద్రం, అటు ఉప్పుకయ్య,
నడుమ బారెడు నేల మీద మా ఆసుపత్రి.

నలభై మంది తల్లుల వరసలో
ఒక్కడే మగవాడు, అగ్బెకో.
భార్య పొగచేపల గంపతో తెల్లారకుండానే సంతకు పోయింది.
పడవ ఆపుకుని పిల్లనెత్తుకొచ్చాడు,
గుడ్డలో గుడ్డ, పైన ఉన్ని టోపీ.
హర్మటాన్ గాలి కదా, పొద్దుటి చలి కదా అంటాడు.
ఎండెక్కి రెండు గంటలైంది.
టోపీ మాత్రం దిగలేదు.

"మూడు రాత్రులుగా నిద్ర లేదు సిస్టర్.
దీనికీ లేదు, మాకూ లేదు,
పక్కింటి మేకకీ లేదు."

గోడ మీద బొమ్మల పటం.
గులాబీ రంగు బిడ్డ, మెడ నిండా ఎర్రెర్రని చుక్కలు.
అతను పటాన్ని చూశాడు, పిల్లని చూశాడు,
మళ్ళీ పటాన్ని.
"ఇలాంటివేం లేవు మా సెనానూకి"
అన్నాడు, తప్పు చేసినవాడిలా.

ఆ పటం గీసినవాడు ఈ ఒడ్డుకు ఎప్పుడూ రాలేదు.
కందింది అంటాం.
ఆ మాటలోనే ఒక రంగు ఉంది,
ఆ రంగు ఈ పిల్ల ఒంటి మీద కనబడదు.
కోకో గింజ లాంటి చర్మం మీద మంట
కాస్త ముదురు నీడలా వస్తుంది, ఊదా ఛాయలా వస్తుంది,
ఒక్కోసారి ఏ రంగూ లేకుండానే వస్తుంది.

"చూడకు, తాకు" అన్నాను.
మెడ ముడతలోకి అతని వేలు పట్టుకెళ్ళాను.
ఏమీ తెలియలేదన్నాడు.
తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన వేలు,
చిన్నప్పటి నుంచీ వల తప్ప ఇంకేదీ చదవని వేలు.
దానికేం తెలుస్తుంది!

"అయితే బుగ్గ పెట్టు."
నలభై మంది తల్లులూ తిరిగి చూశారు.
వంగాడు.
పిల్ల ఏడుపు మధ్యలో ఆపి అతని చెవి పట్టుకుంది.
చాలాసేపటికి తలెత్తాడు.
"ఇసుక" అన్నాడు.
"పోటు తగ్గాక ఒడ్డున మిగిలే సన్న ఇసుక."

చెమటకాయలు. అంతే.
వేడికి, ఉక్కకి, ప్రేమ ఎక్కువై చుట్టిన గుడ్డలకి పేలినవి.
టోపీ నేనే తీశాను.
చల్లటి నీళ్ళతో మెడ తుడిచి, రుద్దకుండా అద్ది,
ముడతలు విప్పి గాలికి చూపించాను.
పౌడరు సంగతి అడగబోతే తనే చెప్పేశాడు:
అది వాళ్ళమ్మ పని,
తెల్లటి మెడ ఉంటేనే బిడ్డ బిడ్డలా ఉంటుందట.
ఆమెతో తగువెందుకు, డబ్బా పై అరలో పెట్టు,
ఆమె పొట్టే కదా అంటే నవ్వాడు.
మందేమిటని రెండుసార్లు అడిగాడు.
గాలి అన్నాను. నమ్మలేదు.
ఊరికే వచ్చేదాన్ని ఎవరు నమ్ముతారు?

గాజు గ్లాసు గురించి మాత్రం నవ్వకుండా చెప్పాను.
జ్వరంతో పాటు చుక్కలొస్తే గ్లాసు ఆనించి నొక్కి చూడు.
ఒంటి మీద తెలియకపోతే
అరికాళ్ళు, అరచేతులు, కింది రెప్ప లోపల.
నొక్కినా చెరగకపోతే
పడవ అనకు, వల అనకు, నా కోసం కూడా ఆగకు,
పెద్దాసుపత్రికి పరుగెత్తు.
చెరిగినా సరే, బిడ్డ మత్తుగా వాలిపోతుంటే
అప్పుడూ అదే పరుగు.

చదువుకునే రోజుల్లో, హో పట్నంలో,
ఒక బిడ్డ ఒంటి మీద నేనూ ఎరుపు కోసమే వెతికాను.
అరికాళ్ళు చూడమని ఎవరూ చెప్పలేదు.
ఆ బిడ్డకి ఆ రోజు పసుపుపచ్చ మేజోళ్ళు.

రిజిస్టరులో ఒక గడి ఉంది:
ఎర్రబడిందా? అవును, కాదు.
రెండూ కొట్టేసి
పక్కన చిన్నగా రాశాను: ఇసుక.

మరుసటి నెల తనిఖీకి వచ్చినాయన
ఇదేమిటమ్మా అని కళ్ళజోడు సర్దుకున్నాడు.
అప్పుడే కొక్కెం నుంచి దింపిన పిల్లవాణ్ణి చూపించి
వంగమన్నాను.